తడిగుడ్డ కింద మట్టి

మూత బిగుసుకుపోయిన పాత రేకు డబ్బా. లోపలి బంకమట్టి ఎప్పుడో ఎండి రాయైపోయింది. దాని మీద కప్పిన గుడ్డ అట్టలా బిగిసింది. గుప్పెడు నీళ్లు చల్లగానే వాసన లేచింది. ఒకటో తరగతి గది మొత్తం ఆ వాసన వెనకాలే వచ్చేసింది: సుద్దపొడి, జిగురు, పెన్సిల్ చెక్కిన పొట్టు, ముప్పై మంది పిల్లల అరచేతుల చెమట. పుస్తకాలు మూయించి చేతులకు పని చెప్పిన గంటలన్నీ గుర్తుకొచ్చాయి. ఆ పనులు ఎలా నడిచేవో, ఎక్కడ చెడేవో రాసిపెట్టకపోతే డబ్బాలో మట్టిలాగే ఎండిపోతాయనిపించింది.

మట్టి

మట్టి సిద్ధం కావడానికి మూడు రోజులు పట్టేది. మొదటి రోజు గడ్డలు చితక్కొట్టి నీళ్లలో నానెయ్యడం. రెండో రోజు ఆ చిక్కటి నీళ్లను జల్లెడలో పోసి రాళ్లు, వేళ్లు, ఆకుముక్కలు ఏరెయ్యడం. ఒక్క గాజుపెంకు మిగిలినా ఏదో ఒక వేలు తెగుతుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. అడుగున బురద పేరుకున్నాక పైనీళ్లు వంచేసి, మిగిలినదాన్ని పాత దుప్పటి మీద పరిచి నీడన ఆరబెట్టేవాళ్లు. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి మాత్రం అంటకూడదు. కొలత అదే. ఆ తర్వాత బాగా పిసికి, నేలకేసి నాలుగు దెబ్బలు కొట్టి లోపలి గాలి పోగొట్టి, తలా పిడికెడు ముద్ద.

ఆ ముద్దల్ని దాచడమే అసలు పని. కప్పిన గుడ్డ నీళ్లోడుతూ ఉంటే మట్టి జావైపోతుంది. గుడ్డ ఆరిపోతే పైన పెచ్చు కడుతుంది. గట్టిగా పిండిన గుడ్డ రెండు మడతలు వేసి కప్పి, మూత బిగించి, రెండు రోజులకోసారి తడి చూడాలి. సెలవుల తర్వాత మూత తీస్తే తెల్లటి బూజు పలకరించేది. దాన్ని గీకి పారేసి, మట్టిని కాసేపు గాలికి పెట్టి మళ్లీ పిసికితే సరిపోయేది.

మొదట చేయించేది పాము. పెన్సిలంత లావు, జానెడు పొడవు. చూడ్డానికి చాలా తేలిక. కానీ రెండు అరచేతుల ఒత్తిడి సమానంగా లేకపోతే ఒక కొస సన్నబడి తెగిపోతుంది. కుడిచేతి బలమంతా పెట్టేసే పిల్లవాడి పాముకు ఎప్పుడూ ఒకవైపే తోక ఉండేది. నాలుగైదు సార్లు తెగాక వాడి చెయ్యే తేలికపడేది. ఆ పాముల్ని వంచి ‘ర’, ‘ఠ’, ‘ల’ చేయించేవాళ్లు. పెన్సిల్ పట్టుకునే మూడు వేళ్లకు పట్టు దొరికేది ఇక్కడే. పెన్సిల్ అతిగా నొక్కి కాగితం చింపేసే పిల్లల చేతికి మళ్లీ రాత పని ఇచ్చే బదులు రెండు వారాలు మట్టి ఇస్తే రాతే మారిపోయేది.

తర్వాత జంతువులు. ఏనుగంటే అందరికీ మోజు. లావాటి పొట్ట, సన్నటి తోక, నాలుగు కాళ్లు. కాళ్లు ఊరికే అతికించి వదిలేస్తారు, కొందరు ఉమ్మి రాసి కూడా అతికిస్తారు. తెల్లారి వచ్చి చూస్తే కాళ్లు ఒకచోట, ఏనుగు ఒకచోట. సన్నటి తోక ముందు ఆరి కుంచించుకుపోతుంది, లోపల ఇంకా తడిగా ఉన్న పొట్ట కుంచించుకోదు. ఆ రెండూ కలిసేచోట పగులు. అతికే రెండు చోట్లా పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, మట్టిని నీళ్లలో పలచగా కలిపిన బురద రాసి, నొక్కి పట్టుకుని, వేలితో చుట్టూ అంచు మెత్తాలి. ఎండలో కాకుండా నీడలో ఆరనివ్వాలి. ఇదంతా మొదటి రోజే చెప్పెయ్యొచ్చు. కానీ ముందే చెప్పిన తరగతిలో సగం మందికి అది చెవికెక్కేది కాదు. ఊడిన తోక అరచేతిలో పెట్టుకుని వచ్చిన పాపకు మాత్రం ఒక్కసారి చూపిస్తే చాలు, మర్నాడు పక్కవాళ్లకు ఆమే నేర్పేది. ఎర్రసిరా ముట్టకుండా తప్పు తెలిసే పద్ధతి ఇది. ఆ గదిలో మంచి పనులన్నీ ఇలాగే నడిచాయి.

మొదటి పది నిమిషాలు

కొత్త వస్తువు ఏది బయటికి తీసినా మొదటి పది నిమిషాలు ఏ సూచనా ఇవ్వకూడదు. పిల్లలు దాన్ని పేరుస్తారు, వాసన చూస్తారు, బల్లకేసి కొడతారు, చెవి దగ్గర ఊపుతారు. ఆ పది నిమిషాలు దాచుకుందామనుకుంటే మిగతా ముప్పై నిమిషాలూ పోతాయి. చెయ్యి ఆడాలనుకుంటుంటే చెవి వినదు. తనివితీరా తడిమాక, ‘ఇప్పుడు చూడండి’ అంటే చూస్తారు.

పళ్లేల లెక్క కూడా అంతే ముఖ్యం. నలుగురికో పళ్లెం. ఆరుగురుంటే ఇద్దరు చేస్తారు, నలుగురు చూస్తారు. ప్రతి డబ్బా మూత మీద లోపల ఎన్ని వస్తువులున్నాయో అంకె రాసి ఉండాలి. గంట చివర సర్దేటప్పుడు పిల్లలే లెక్కపెట్టి, తక్కువైతే బల్ల కిందికి దూరి వెతికేవాళ్లు. రోజూ జరిగే ఆ లెక్క ఏ పాఠంలోనూ లేదు. యాభై దాకా తడబడకుండా లెక్కపెట్టడం చాలామందికి వచ్చింది సర్దుడులోనే. ఒక్క జాగ్రత్త: గింజలు, పూసలు ఇచ్చిన రోజు పెద్దవాళ్ల కన్ను పళ్లేల మీదే ఉండాలి. ఆరేళ్ల పిల్లలు కూడా ముక్కులో గింజ దూర్చుకుంటారు.

చెక్క దిమ్మల పెట్టె ఒకటుండేది. లోపల ఎనిమిది చిన్న ఘనాలు, కలిపి పేరిస్తే ఒక పెద్ద ఘనం. జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1837లో చిన్నపిల్లల కోసం పని మొదలుపెట్టి, 1840లో దానికి ‘కిండర్ గార్టెన్’ అని పేరు పెట్టాడు. ఆయన పిల్లలకిచ్చిన ఆటవస్తువుల వరసలో మూడోది ఈ పెట్టే. అంతకుముందు ఆయన స్ఫటికాలను చదివిన మనిషి. పెద్దదాన్ని విడగొడితే అదే ఆకారంలో చిన్నవి రావడం, మళ్లీ పెద్దది కావడం ఆయనకు అక్కడే పట్టుబడి ఉంటుంది. సగం, పావు అన్న మాటలు పుట్టకముందే పిల్లలు ఆ పెట్టెలో సగాన్ని చేత్తో పట్టుకుని చూసేవాళ్లు. పెట్టె మూత జారుడుగా తెరుచుకునేది, ఆ చెక్క రాపిడి చప్పుడుకు గదంతా అటు తిరిగేది.

పుల్లల కట్టలు

అన్నిటికన్నా ఎక్కువ రోజులు నడిచిన పని పుల్లలది. నలుగురికి 110 పుల్లలు, 11 రబ్బరు బ్యాండ్లు, మూడు ఖాళీ డబ్బాలు. పుల్లలన్నీ ఒకే పొడవు ఉండాలి, లేకపోతే పిల్లలు పొడుగుదాన్ని రెండుగా లెక్కపెట్టేస్తారు. కొసలు గరుకు కాగితంతో రుద్దాలి. దారం పెడితే ముడి దగ్గరే గంట అయిపోతుంది. రబ్బరు బ్యాండ్‌ను ఎనిమిదంకెలా మెలితిప్పి రెండు చుట్లు వేయడం ముందురోజే నేర్పాలి. ఎండాకాలం రబ్బర్లు పొడిబారి చిటుక్కున తెగేవి, కాబట్టి అదనంగా నాలుగు.

పది పుల్లలు చేరగానే కట్టాలి. అదొక్కటే నియమం. తొమ్మిది దాకా విడివిడిగా కుడిపక్క డబ్బాలో ఉంటాయి. పదోది రాగానే కట్టుకట్టి దాని ఎడమపక్క డబ్బాలోకి. పది కట్టలు చేరితే పెద్ద రబ్బరు వేసి ఇంకో డబ్బా ఎడమకి. ఇక్కడ అందరూ చేసే పొరపాటొకటుంది. పిల్లల్ని బల్ల చుట్టూ కూర్చోబెడతారు. ఎదురుగా కూర్చున్నవాడికి ఒకట్ల డబ్బా ఎడమపక్క కనిపిస్తుంది. వాడు 32ని 23 అని రాస్తే వాడి కంటికి అది నిజమే. నలుగురూ బల్లకు ఒకే పక్క కూర్చోవాలి. చోటు చాలకపోతే నేల మీద కూర్చోవాలి.

తొమ్మిదో పదకొండో పుల్లలతో కట్టిన కట్టలు తప్పకుండా వస్తాయి. వాటిని పెద్దవాళ్లు సరిచేసేవాళ్లు కాదు. గంట చివర జట్లు కట్టలు మార్చుకుని, విప్పి, లెక్కపెట్టి, మళ్లీ కట్టి ఇచ్చేవి. ‘మీ కట్టలో తొమ్మిదే ఉన్నాయి’ అని తోటివాళ్లు అంటే ఆ మాటకు వచ్చే పట్టుదల వేరు. రెండో వారానికి తప్పు కట్టలు దాదాపు కనపడేవి కావు.

47కి 36 కలపమంటే ఏడు కట్టలు, 13 విడిపుల్లలు. చెయ్యి తనంతట తనే పది పుల్లల్ని కట్టేసేది. ఎనిమిది కట్టలు, మూడు పుల్లలు. ‘పైకి ఒకటి తీసుకో’ అనే మాట అవసరమే పడేది కాదు. తీసివేతలో అయితే తేడా మరీ స్పష్టం. 52లోంచి 27 తీసెయ్యమంటే కాగితం మీద చాలామంది 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. పుల్లల దగ్గర ఆ తప్పు చేయడానికి వీల్లేదు. ముందున్నవి రెండే విడిపుల్లలు, కావలసినవి ఏడు. పిల్లవాడు కాసేపు రెండు పుల్లలనూ చూస్తాడు, కట్టలను చూస్తాడు. తర్వాత చిటుక్కుమని రబ్బరు ఊడిన చప్పుడు. పన్నెండులోంచి ఏడు పోతే అయిదు, నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. ఇరవై అయిదు. గదిలో అక్కడొకటి ఇక్కడొకటి రబ్బరు ఊడే ఆ చప్పుడు వింటే లెక్క ఎవరికి అందిందో తల ఎత్తకుండానే తెలిసిపోయేది.

సున్నా కోసం 105 చేయించేవాళ్లు. మధ్య డబ్బా ఖాళీ. ఖాళీగా ఉందని దాన్ని పక్కకు తీసేస్తే నూరు కట్ట, అయిదు పుల్లలు పక్కపక్కకు వచ్చి 15లా కనపడుతుంది. ఖాళీ డబ్బాను అక్కడే ఉంచినందుకే సున్నా రాస్తున్నాం అన్నది పిల్లలకు అంతకన్నా తేలిగ్గా చెప్పలేం. ‘నూట అయిదు’ను 1005 అనీ, ‘ఇరవై మూడు’ను 203 అనీ రాసే పిల్లలకు అట్టముక్కలు పనికొచ్చేవి. 20 అని రాసిన అట్ట రెండు గళ్ల వెడల్పు, 3 అని రాసింది ఒక గడి వెడల్పు. 20 మీద కుడి అంచుకు సరిగ్గా 3 పెడితే సున్నా దాక్కుంటుంది, 23 కనపడుతుంది. అట్ట ఎత్తితే కింద సున్నా మళ్లీ బయటపడుతుంది. పిల్లలు ఆ అట్టను ఎత్తుతూ దించుతూ నవ్వుకునేవాళ్లు.

ఏడాదికోసారి అన్ని జట్లూ కలిసి వెయ్యి చేసేవి. పది పెద్ద కట్టలు ఒక తాడుతో. ఒక్కరు ఎత్తలేరు, ఇద్దరు పట్టుకుని గది చుట్టూ తిప్పేవాళ్లు. వెయ్యి ఎంత పెద్దదో చేతులు నొప్పి పుట్టి తెలిసేది.

రంగు కడ్డీలు కూడా కొన్నాళ్లు నడిచాయి. బెల్జియంలో త్విఁ అనే ఊళ్లో పనిచేసిన క్వీజ్‌నేర్ అనే టీచర్ తయారుచేసి, 1952లో పుస్తకంగా వెల్లడించిన పద్ధతి అది. తెల్లది ఒక సెంటీమీటరు, ఎర్రది రెండు, అలా నారింజరంగుది పది. కడ్డీ మీద అంకె ఉండదు, దాని రంగూ పొడవూనే అంకె. చెక్కవి దొరక్క అట్ట కత్తిరించి చేసుకున్నప్పుడు ఓ చిక్కొచ్చింది. ఒక్కో తెల్లముక్క ఒక మిల్లీమీటరు ఎక్కువ తెగితే పది ముక్కలకు సెంటీమీటరు తేడా. పది తెల్లవి నారింజ కడ్డీని దాటిపోయేవి. పిల్లలు ‘పదీ తొమ్మిదే’ అని తేల్చేవాళ్లు. వాళ్ల ముందున్నదాన్ని బట్టి చూస్తే వాళ్లది సరైన జవాబే. గళ్ల కాగితం అంటించి గీతల మీద బ్లేడుతో కోస్తేనే అట్ట కడ్డీలు పనికొస్తాయి.

గరుకు అక్షరాలు

మారియా మాంటిస్సోరి డాక్టరు. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో పేటలో ఆమె మొదటి బాలల ఇల్లు తెరిచింది. గరుకు కాగితంతో చేసిన అక్షరాలు ఆమె వాడినవే. తెలుగు అక్షరాల గుండ్రదనానికి అవి భలే కుదురుతాయి.

సన్నరకం గరుకు కాగితం తీసుకోవాలి. ముతకదైతే వేళ్లు మండి పిల్లలు భయంభయంగా తాకుతారు. కాగితం వెనకవైపు అక్షరాన్ని అద్దంలో కనపడినట్టు తిరగేసి గీసి కత్తిరించాలి. ఈ మాట మరిచిపోతే ‘క’ అటు తిరిగి కూర్చుంటుంది. మంచి కత్తెర పాడవుతుంది కాబట్టి దీనికి పాతదొకటి విడిగా ఉంచాలి. గీత వెడల్పు ఓ సెంటీమీటరు. అట్ట మీద అంటించాక, రాయడం ఎక్కడ మొదలవుతుందో అక్కడొక రంగుచుక్క. చూపుడువేలు, మధ్యవేలు రెండూ కలిపి దిద్దాలి, దిద్దుతూ పలకాలి. వేలు జారి నున్నటి అట్ట తగిలితే దారి తప్పినట్టు వేలికే తెలుస్తుంది.

‘ద’, ‘ధ’, ‘థ’ వరసగా ఒకే రోజు ఇవ్వకూడదు. ‘థ’ కడుపులో చుక్క కంటికి చిన్నది. ఆ చుక్కను వేరేగా గరుకు కాగితంతో ఎత్తుగా అంటిస్తే వేలు దాన్ని వదిలిపెట్టదు. ‘ప’, ‘వ’ కూడా అంతే, మధ్యలో వారమైనా ఎడం ఉండాలి. కళ్లకు గంతలు కట్టి అక్షరం పోల్చుకోమంటే తప్పు చెప్పేవాళ్లు చాలా తక్కువ. అదే అక్షరాన్ని పలక మీద చూపిస్తే తడుముకునేవాళ్లు.

ఇసుక పళ్లెం దీనికి తోడు. ముదురు రంగు కాగితం అడుగున పరిచి, జల్లించిన పొడి ఇసుక మందంగా కాకుండా, సెంటీమీటరులో సగం. ఎక్కువైతే గీత గట్లు కూలి అక్షరం పూడుకుపోతుంది. వానాకాలం ఇసుక చెమ్మ పట్టి వేలికి అంటుకునేది. పళ్లెం ఒకసారి అటూ ఇటూ ఊపితే తప్పు మాయమయ్యేది. రబ్బరుతో చెరిపిన మచ్చ ఉండదు కాబట్టి, పుస్తకంలో రాయడానికి వెనకాడే పిల్లలు పళ్లెంలో ఇరవైసార్లు రాసేవాళ్లు. ఇసుక సర్దుకునే ఆ ‘సుయ్’ అనే చప్పుడు ఇప్పుడు ఏ గదిలో వినపడుతుందో.

నీళ్ల రోజు

నీళ్ల పని బయట, చెట్టు కింద. లోపల పెడితే నేల జారుతుంది. ముందు పొడి ఇసుకతో ఒంపడం నేర్పి, చెయ్యి కుదిరాకే నీళ్లు ఇవ్వాలి. కూజాను నిండా కాకుండా సగం దాకానే నింపాలి, పక్కన ఒక స్పాంజి ముక్క. ఒలికినవాళ్లే తుడవాలి.

ఒకే రకం గ్లాసులు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని పొడుగాటి సన్నసీసాలోకి ఒంపుతారు. ‘ఎందులో ఎక్కువ?’ అయిదారేళ్ల పిల్లలు పొడుగుదాన్ని చూపిస్తారు. ఒంపింది వాళ్లే అయినా సరే. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త పియాజే పిల్లల ఆలోచన మీద చేసిన పరిశీలనల్లో బాగా పేరుపడ్డది ఇదే. దాదాపు ఏడేళ్లప్పుడు మాట మారుతుంది. దీన్ని పాఠంలా చెప్పి ఒప్పించడం వృథా. ‘అంతే ఉన్నాయి’ అని పెద్దవాళ్లంటే పిల్లలు మొహమాటానికి తలాడిస్తారు, కళ్లు మాత్రం పొడుగు సీసా మీదే ఉంటాయి. మళ్లీ గ్లాసులోకి ఒంపుకోనివ్వాలి, మళ్లీ సీసాలోకి. వారాల తరబడి. ఒకరోజు ఎవరో ఒకరు, ‘సన్నగా ఉంది కదా, అందుకే పైకెక్కింది’ అంటారు. ఆ మాట కోసం ఎదురుచూడటంలో ఉన్న సంతోషం ఇంకెక్కడా లేదు.

లీటరు సీసాను 200 మిల్లీలీటర్ల గ్లాసులతో నింపమంటే అయిదు పట్టాలి. ఒక జట్టుకు అయిదు, ఇంకో జట్టుకు ఆరున్నర. అంచు దాకా పోసేవాళ్లు కొందరు, ఒలుకుతుందని కిందే ఆపేవాళ్లు కొందరు. కాసేపు వాదన అయ్యాక గ్లాసు మీద గీత గీద్దామని పిల్లలే అనేవాళ్లు. కొలతకు గీత ఎందుకో అక్కడే పుట్టింది.

తేలేవి, మునిగేవి అందరూ చేయిస్తారు. మట్టి ఉండ మునుగుతుంది, అదే మట్టితో చేసిన పడవ తేలుతుంది అని చూపించబోయి చాలామంది దెబ్బతింటారు. బంకమట్టి పడవ నీళ్లలో నానీ నానీ కరిగిపోతుంది. మైనపు మట్టి కావాలి. లేదంటే సన్నటి అల్యూమినియం రేకు, జానెడు చదరం. పడవగా మడిచి గోళీలు ఒక్కొక్కటే పెట్టాలి. ఒకే చోట పెడితే నాలుగుకే ఒరుగుతుంది, పరిచి పెడితే ఇరవై దాటినా తేలుతుంది. అదే రేకు ఉండలా నలిపితే మునగాలి, కానీ వదులుగా నలిపితే లోపలి గాలికి తేలుతూనే ఉంటుంది. బల్ల మీద పెట్టి రాయితో కొట్టి మళ్లీ వేస్తే మునుగుతుంది. ‘గాలి పోయింది’ అని పిల్లలే చెబుతారు.

గీత, గడియారం

చిన్న సంగతులే, కానీ ఏటేటా అవే తప్పులు. నేల మీద సుద్దతో అంకెల గీత గీసి గెంతిస్తే, అయిదు మీద నిలబడ్డ పిల్లవాడు ‘ఒకటి’ అని తను నిలబడ్డ చోటునే లెక్కపెడతాడు. అయిదుకు మూడు కలిపితే ఏడు వస్తుంది. గెంతిన చప్పుడును లెక్కపెట్టమంటే చాలు. రెండు పాదాలూ నేలకు తగిలితేనే ఒకటి. స్కేలు మీద కూడా ఇదే తప్పు, ఒకటి దగ్గర మొదలుపెడతారు. విరిగిన స్కేలు ముక్క ఇచ్చి కొలవమంటే ఖాళీలను లెక్కపెట్టడం వస్తుంది.

అట్ట గడియారంలో ముళ్లు దేనికదే తిరుగుతాయి. మూడున్నరకు చిన్నముల్లు మూడు మీదే కూర్చుంటుంది. నిజం గడియారంలో అది మూడుకూ నాలుగుకూ నడుమ ఉంటుంది. కాబట్టి పిల్లలు అసలు గడియారం చూసి తికమకపడతారు. పాడైన గోడగడియారం ఒకటి, లోపలి పళ్లచక్రాలు బాగున్నది, అన్ని అట్టలకన్నా మేలు. మొదటి వారం పెద్దముల్లు తీసేసి, చిన్నముల్లు ఒక్కదానితోనే ‘నాలుగు కావొస్తోంది’, ‘నాలుగు దాటింది’ అనిపించేవాళ్లు.

సీసాలో చిక్కుడు గింజ

గాజు సీసా, చుట్టూ లోపల అంటుకునేలా అద్దుడు కాగితం, మధ్యలో కాగితం జారకుండా దూది. గాజుకూ కాగితానికీ మధ్య నాలుగు గింజలు, సీసా సగం ఎత్తులో. ముందు రాత్రంతా నానబెట్టినవి. అడుగున రెండు సెంటీమీటర్ల నీళ్లు. కాగితం నీళ్లను పైకి పీల్చి గింజను తడుపుతుంది. నీళ్లు గింజల దాకా పోస్తే గింజకు గాలి ఆడక కుళ్లి వాసన వేస్తుంది. పిల్లలు ప్రేమకొద్దీ పోసేది అలాగే. సీసాకు గీత గీసి, ‘దీని పైకి నీళ్లు రాకూడదు’ అని ఒకరికి కాపలా అప్పగించాలి. ఒక గింజతో ఎప్పుడూ ఆగకూడదు. మొలకెత్తని గింజ పక్కన కూర్చున్న పిల్ల మొహం చూడలేం.

మూడో రోజుకు అటూ ఇటూగా తెల్లటి మొన బయటికొస్తుంది. పిల్లలందరూ ఆకే వస్తుందనుకుంటారు, వచ్చేది వేరు. అది నాలుగు సెంటీమీటర్లయ్యాక సీసాను పక్కకు పడుకోబెట్టాలి. మర్నాడు పొద్దున్నే బ్యాగులు కూడా దించకుండా కిటికీ దగ్గరికి పరుగు. వేరు వంగి మళ్లీ నేలవైపు తిరిగింది. ఎవరూ చెప్పకపోయినా దానికి కిందెక్కడో తెలుసు. ఆ పొద్దుటి నిశ్శబ్దం చాలా ఏళ్ల తర్వాత కూడా చెవిలో ఉంది.

రోజూ మొక్క పొడవుకు సరిగ్గా ఒక రంగుకాగితం పట్టీ కత్తిరించి గోడమీద వరసగా అంటించేవాళ్లు. పదిరోజులకు గోడమీద మెట్లు. శని, ఆదివారాల చోట ఖాళీ వదలాలి. వదలకపోతే సోమవారం మొక్క ఒక్కసారిగా గెంతినట్టు కనపడుతుంది. సోమవారాలకు ఇంకో భయం కూడా ఉండేది, అడుగు నీళ్లు ఆరిపోవడం. శుక్రవారం సాయంత్రం సీసా మూతి మీద కాగితం కప్పి గీత దాకా నీళ్లు నింపేవాళ్లు.

ఒక సీసా చీకటి బీరువాలో. వారం తర్వాత బయటికి తీస్తే కిటికీ మొక్కకన్నా పొడుగు. పిల్లలు చీకటే మంచిదని తీర్మానించేస్తారు. వెంటనే సరిదిద్దకూడదు. రెండూ పక్కపక్కన పెట్టి బొమ్మ వేయమనాలి. రంగులు తీసే దగ్గర చెయ్యి ఆగుతుంది. ఒకదానికి ఆకుపచ్చ కావాలి, రెండోదానికి పసుపు సరిపోతుంది. కాడ సన్నగా ఉంది, ఆకులు ముడుచుకుని ఉన్నాయి. వెలుతురు కోసం వెతుక్కుంటూ గింజలో దాచుకున్న బలాన్నంతా పొడవుకే ఖర్చుపెట్టింది. ఇంకో నాలుగు రోజులకు అది వాలిపోయేది. గోడమీద దాని పట్టీల వరస ఎత్తుగా వెళ్లి హఠాత్తుగా ఆగిపోయేది.

ఏడాది చివర

ఆఖరి వారం సర్దుడే పని. మట్టి ముద్దలన్నీ ఒకటి చేసి గుడ్డ కప్పడం. ఇసుక జల్లించి సంచిలో పోయడం. గరుకు అక్షరాల్లో అంచులు లేచినవాటికి జిగురు పెట్టి బరువు కింద ఉంచడం. అట్టముక్కలు లెక్కపెట్టి మూత మీది అంకెతో సరిచూడటం.

పుల్లల పెట్టె చివరిది. కట్టలన్నీ చక్కగా ఉన్నాయి, అలాగే ఉంచేస్తే వచ్చే ఏడాది పని తప్పుతుందని అనిపిస్తుంది. అలా ఉంచిన ఒక ఏడాది కొత్తపిల్లలు కట్టను పదిగా చూడలేదు, అదొక లావాటి పుల్ల అనుకున్నారు. విప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. అందుకని ఆఖరి రోజు విప్పించేవాళ్లు. నూరు కట్టల పెద్ద రబ్బర్లు మొదట, తర్వాత పదులవి. రబ్బర్లన్నీ ఒక డబ్బాలోకి, పాతబడి పగిలినవి చెత్తలోకి. పుల్లలు గుప్పిళ్లతో పెట్టెలోకి పడుతుంటే వానలా చప్పుడయ్యేది. ఇద్దరు పిల్లలు పెట్టె చెరో పక్కా పట్టుకుని బీరువా దాకా మోసుకెళ్లేవాళ్లు. మూత మీద సుద్దతో రాసిన అంకెను వాళ్లే మరోసారి పైకి చదివి, తలుపు వేసేవాళ్లు.